పల్లె నుంచి తిరుపతికొచ్చి బాడుగకుంటున్నారా? ఏ కాగితం మార్చాలి, ఏది ఊర్లోనే ఉంచాలి

"అక్కా, ఊర్లో ఉండేవన్నీ ఇక్కడికి మార్చెయ్, ఎంతవుతుంది?" మా కొట్టుకొచ్చే వాళ్లలో సగం మంది ఇదే అడుగుతారు. నేను కొర్లగుంటలో జెరాక్సు, ఆన్‌లైన్ దరఖాస్తుల కొట్టు నడుపుతాను. నాదీ కార్వేటినగరం పక్క పల్లే. నా దగ్గరికొచ్చేది బేల్దారి పనివాళ్లు, లాడ్జీల్లో రూములు శుభ్రం చేసేవాళ్లు, హోటల్ సర్వర్లు, కొండకు టాక్సీ తోలేవాళ్లు, రేణిగుంట ఫ్యాక్టరీల్లో షిఫ్టుకు పోయే ఆడపిల్లలు. పలమనేరు, పుంగనూరు నుంచి వచ్చినవాళ్లు కొందరు, సత్యవేడు పక్క నుంచి కొందరు. ఈమధ్య ఒడిశా, బిహార్ పిల్లగాళ్లు కూడా ఎక్కువయ్యారు.

అందరికీ చెప్పేది ఒకటే. అన్నీ మార్చక్కర్లేదు. కొన్ని మీరు ఎక్కడుంటే అక్కడ పనిచేస్తాయి. కొన్ని తప్పకుండా మార్చుకోవాలి. ఇంకొన్నిటిని ఊర్లోనే వదిలెయ్యాలి. పైగా వరస ముఖ్యం. ముందు ఓటు కోసం పరిగెత్తి, అడ్రస్ ప్రూఫ్ లేక వెనక్కి వచ్చి, ఆధార్ కోసం పోయి, అక్కడా అదే ప్రూఫ్ అడిగితే ఉస్సూరుమని కూర్చునే వాళ్లను రోజూ చూస్తాను.

గ్రూప్స్‌కు చదివే రోజుల్లో చైనాలో 'హుకో' అనే పద్ధతి గురించి చదివాను. 1958 నుంచి అక్కడ ప్రతి కుటుంబాన్నీ ఒక ఊరి రిజిస్టర్లో రాసేస్తారు. పల్లె రిజిస్టర్లో ఉన్న మనిషి పట్నంలో ఏళ్ల తరబడి చాకిరీ చేసినా పిల్లల చదువుకూ వైద్యానికీ పింఛనుకూ ఆ ఊరి లెక్కలోనే ఉండిపోతాడు. 2014లో పల్లె, పట్నం అనే తేడా తీసేస్తామని ప్రకటించారు గానీ, పెద్ద నగరాల్లో హుకో దొరకడం ఇప్పటికీ కష్టమే. మనకు అట్లాంటి చట్టం లేదు. దేశంలో ఎక్కడికైనా పోవచ్చు, ఎక్కడైనా స్థిరపడొచ్చు అని రాజ్యాంగం 19వ అధికరణంలోనే ఉంది. ఊరు మారడానికి పంచాయతీ పర్మిషన్ అక్కర్లేదు, ఎన్‌ఓసీ అక్కర్లేదు. మన దగ్గర చిక్కంతా కౌంటర్ దగ్గర వస్తుంది: "ఇక్కడ ఉంటున్నట్టు రుజువేది?" బాడుగకుండే వాళ్ల దగ్గర ఆ ఒక్కటే ఉండదు.

ముందు ఫోన్ నంబరు

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ మా కొట్టులో ఎక్కువ పనులు ఆగిపోయేది ఇక్కడే. ఆధార్‌కు ఇచ్చిన నంబరు ఎప్పుడో పోయి ఉంటుంది. రీచార్జ్ చెయ్యకపోతే ఆ సిమ్ ఇంకొకరికి పోయి ఉంటుంది. ఓటీపీ ఎవరికో వెళ్తుంది. ఆధార్ సెంటర్‌కు పోయి కొత్త నంబరు ఎక్కించుకోవడానికి కాగితాలేమీ అడగరు, వేలిముద్ర చాలు. 2025 అక్టోబర్ నుంచి దీనికి ఫీజు రూ.75. రసీదు అడిగి తీసుకోండి. పోస్ట్‌మ్యాన్ ద్వారా ఇంటి దగ్గరే చేయించుకునే వీలూ ఉంది. ఇంట్లో ముగ్గురికీ ఒకే నంబరు పెట్టుకుంటే, ఆ ఫోన్ పట్టుకుని ఇంటాయన పనికి పోయాక ఆడవాళ్ల పనులన్నీ ఆగుతాయి. కనీసం భార్యకు వేరే నంబరు ఉంచండి.

బియ్యానికి ఏదీ మార్చక్కర్లేదు

స్టోరు బియ్యం కోసం నెలనెలా ఊరికి పోయి వచ్చేవాళ్లు ఇంకా ఉన్నారంటే నాకు ఆశ్చర్యంగా ఉంటుంది. బస్సు ఛార్జీయే బియ్యం ఖర్చును దాటిపోతుంది. మన రాష్ట్రం కార్డు ఉంటే రాష్ట్రంలో ఏ రేషన్ షాపులోనైనా తీసుకోవచ్చు. కార్డు నంబరు చెప్పి వేలిముద్ర వేస్తే చాలు. కార్డులో పేరున్న అందరికీ ఈకేవైసీ (వేలిముద్రతో ఆధార్ సరిచూడడం) అయ్యుండాలి, అంతే. 2025 జూన్ నుంచి ఇంటింటికీ బియ్యం తెచ్చే బండ్లు ఆగిపోయి మళ్లీ షాపుల్లోనే ఇస్తున్నారు, నెల ఒకటి నుంచి 15 దాకా. పొద్దున ఎనిమిది నుంచి 12, సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది. పనికి పోయేవాళ్లకు సాయంత్రం వేళే గతి. 14, 15 తేదీల దాకా ఆగొద్దు. అప్పటికి "స్టాక్ అయిపోయింది, మా కార్డుదారులకే చాల్లేదు" అనే మాట వినాల్సి వస్తుంది. బయటి కార్డని బియ్యం ఇవ్వననడానికి డీలరుకు అధికారం లేదు. మర్యాదగా అడిగినా ఇవ్వకపోతే 1967కు ఫోన్ చెయ్యండి.

రాష్ట్రం దాటితే కథ కొంచెం వేరు. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు 2019 ఆగస్టులో మొదలైంది. మొదటి జతల్లో ఆంధ్ర, తెలంగాణ ఒకటి. 2022 జూన్ నాటికి అన్ని రాష్ట్రాలూ చేరాయి. అయితే ఇది జాతీయ ఆహార భద్రత చట్టం కింద ఉన్న కార్డులకే. మన రాష్ట్రంలో చాలా కార్డులు రాష్ట్రం సొంత ఖర్చుతో ఇచ్చినవి. అవి బెంగళూరులోనో చెన్నైలోనో పనిచెయ్యవు. కుప్పం, పలమనేరు నుంచి బెంగళూరుకు పోయే కుటుంబాలు బయల్దేరే ముందే 'మేరా రేషన్' యాప్‌లోనో గ్రామ, వార్డు సచివాలయంలోనో కార్డు ఏ రకమో చూసుకోవాలి. కేంద్రం కార్డయితే మనిషికి ఐదు కిలోలు ఉచితం. సగం కుటుంబం ఊర్లో, సగం బెంగళూరులో ఉంటే ఎవరి వాటా వాళ్లు వేర్వేరు చోట్ల తీసుకోవచ్చు. ఇక్కడి హోటళ్లలో పనిచేసే ఒడిశా, బిహార్ పిల్లగాళ్లకూ ఇదే రూలు. వాళ్ల కార్డు మీద మన షాపులో బియ్యం వస్తాయి. ఆ సంగతి వాళ్లలో చాలామందికి తెలీదు. తెలియనివాళ్లకు చెప్పండి. ఈ పథకానికి 14445 అని ఉచిత నంబరుంది.

వేలిముద్ర సంగతి. బేల్దారి పనివాళ్ల వేళ్ల మీద గీతలు ఉండవు, సిమెంటు తినేస్తుంది. పాకాల పక్క నుంచి వచ్చిన ఒక అన్న మా మిషన్ మీద పది వేళ్లూ పెట్టాడు, ఒక్కటీ పడలేదు. బొటనవేలు పట్టుకుని చూస్తే నున్నగా, తెల్లగా ఉంది. ఇట్లాంటి వాళ్లు పని దిగి నేరుగా రాకుండా, సెలవు రోజు పొద్దున్నే చేతులు గోరువెచ్చని నీళ్లతో కడిగి, కొబ్బరినూనె రాసి తుడుచుకుని రావాలి. ఉంగరం వేలు, చిటికెన వేలు తక్కువ అరుగుతాయి, వాటితో చూడమనండి. అయినా పడకపోతే ఆధార్ సెంటర్లో బయోమెట్రిక్ కొత్తగా తీయించుకోవాలి, కంటి పాప కూడా తీస్తారు. షాపులో కంటిపాపతోనో ఓటీపీతోనో ఇవ్వమని అడగండి.

అసలు చిక్కు: అడ్రస్

మీ దగ్గర బాడుగ అగ్రిమెంటు ఉన్నా అది 11 నెలలది అయ్యుంటుంది. ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ చెయ్యాలి కాబట్టి 11 దగ్గర ఆపుతారు. ఓటుకు అడిగేది రిజిస్టర్ అయిన అగ్రిమెంటు. కరెంటు బిల్లు ఓనరు పేరు మీద ఉంటుంది. గ్యాస్ ఊర్లో అమ్మ పేరు మీద. ఎటు తిరిగినా గోడే.

దీనికి నేను చెప్పే దారి బ్యాంకు పాస్‌బుక్. ఆధార్‌లో ఉండే అడ్రస్ వేరు, ఇప్పుడుండే అడ్రస్ వేరు అని మీరే రాసి సంతకం పెట్టిచ్చే కాగితాన్ని బ్యాంకు తీసుకోవచ్చని రిజర్వ్ బ్యాంక్ కేవైసీ నిబంధనల్లోనే ఉంది. ఈ సంగతి కొన్ని బ్రాంచీల్లో కౌంటర్ మీద కూర్చున్న వాళ్లకే తెలీదు, "ఆధార్ మార్చుకుని రా" అంటారు. అప్పుడు మేనేజర్‌ను కలిసి "కేవైసీలో కరెంట్ అడ్రస్‌కు సెల్ఫ్ డిక్లరేషన్ ఇస్తానండీ" అని ఆ మాటే అనండి. ఆ మాట వినగానే దారి ఇస్తారు, చాలాసార్లు. ఇవ్వకపోతే ఇంకో బ్రాంచి, ఇంకో బ్యాంకు. పాస్‌బుక్‌లో కొత్త అడ్రస్ ప్రింటయ్యాక, ఫోటో అతికించి, ఫోటో మీదికి వచ్చేలా బ్యాంకు ముద్ర, అధికారి సంతకం వేయించుకోండి. ముద్ర లేని పాస్‌బుక్‌ను ఆధార్ సెంటర్లో పక్కన పెట్టేస్తారు. ఆ ఒక్క పాస్‌బుక్ ఆధార్‌కూ పనికొస్తుంది, ఓటుకూ పనికొస్తుంది.

ఇంకో దారి ఆధార్ వాళ్ల స్టాండర్డ్ సర్టిఫికెట్. నమూనా డౌన్‌లోడ్ చేసి, ఫోటో అతికించి, గెజిటెడ్ అధికారితోనో తహసీల్దారుతోనో ఎమ్మెల్యేతోనో సంతకం, ముద్ర వేయించాలి. సంతకం పెట్టిన రోజు నుంచి మూడు నెలలే పనిచేస్తుంది. చాలామంది సంతకం కోసం తిరిగి తిరిగి సాధించి, బీరువాలో పెట్టి మర్చిపోతారు. దొరికిన వారంలోనే వాడేయండి.

ఇంట్లో ఒకరిది మారితే చాలు. 2023 నుంచి కుటుంబ పెద్ద ఆధార్ చూపించి మిగతావాళ్ల అడ్రస్ మార్చే వీలుంది. భార్య తన ఫోన్‌లో దరఖాస్తు పెడితే, భర్తకు మెసేజ్ వస్తుంది. ఆయన 30 రోజుల్లోపు ఒప్పుకోవాలి, లేకపోతే దరఖాస్తు పోతుంది, కట్టిన డబ్బూ పోతుంది. బంధుత్వానికి రేషన్ కార్డు చాలు. ముందు ఫోన్ నంబరు సంగతి ఎందుకు చెప్పానో ఇప్పుడు అర్థమయ్యుంటుంది.

ఓనర్లతో మాట్లాడడం

అడ్రస్ మార్చుకుంటామంటే ఇళ్ల ఓనర్లు ఒప్పుకోరు. అడిగిన వాళ్లకు ఖాళీ చెయ్యమని చెప్పిన సందర్భాలూ ఉన్నాయి. జీవకోనలో ఒక ఇంటాయన నా ముందే తన బాడుగకుండే అబ్బాయితో ఇట్లా అన్నాడు:

"నా ఇంటి నంబరు మీద ఆధార్ తెచ్చుకుని, ఓటు తెచ్చుకుని, రేపు ఇల్లు నాదే అంటే నేనెక్కడికి పోవాలబ్బా?"

"అట్లెందుకంటాం స్వామీ..."

"నువ్వనవు. నీ తర్వాత వచ్చేవాడు అంటాడు."

ఆయన భయం నాకు అర్థమైంది, తిట్టాలనిపించలేదు. కష్టపడి మిద్దె వేసుకున్నాడు. అందుకే చట్టం సంగతి చెప్పాను. బాడుగకు దిగినవాడు ఆ బాడుగలో ఉన్నంతకాలం 'ఈ ఇల్లు నీది కాదు' అని ఓనరుతో వాదించడానికి వీల్లేదని పాత సాక్ష్య చట్టం 116వ సెక్షన్ చెబుతుంది. 2024 జులైలో కొత్త చట్టం వచ్చాక కూడా ఆ రూలు అట్లానే ఉంది. ఆధార్ కార్డు స్థలానికి హక్కు పత్రం కాదు. ఆ మాటకొస్తే పౌరసత్వానికీ రుజువు కాదని ఆధార్ చట్టం తొమ్మిదో సెక్షన్లోనే రాశారు. ఓటరు జాబితాలో పేరు ఉండడం కూడా ఇంటి మీద హక్కు ఇవ్వదు. ఇంకో మాట కూడా అన్నాను: "బాడుగ అగ్రిమెంటు రాసుకుంటే మీకే రక్ష స్వామీ. బాడుగకు దిగానని ఆ పిల్లగాడే సంతకం పెట్టినట్టు." ఆయన కాసేపు ఆలోచించి, అగ్రిమెంటు రాయడానికి ఎంత తీసుకుంటావని నన్నే అడిగాడు.

మీరూ ఓనరుతో మాట్లాడేటప్పుడు హక్కులని గట్టిగా మొదలుపెట్టకండి. నెల బాడుగ ఇచ్చే రోజు, చేతిలో డబ్బు పెట్టాక, కాఫీ టైములో కదపండి. అగ్రిమెంటు కాపీ ఆయనకూ ఒకటి ఇవ్వండి. ఖాళీ చేసేటప్పుడు అడ్రస్ తీయించుకుంటానని అందులోనే ఒక లైను రాస్తే మా దగ్గర చాలామంది మెత్తబడ్డారు.

వార్డు సచివాలయంలో మ్యాపింగ్

మన రాష్ట్రంలో చైనా రిజిస్టరుకు దగ్గరగా వచ్చేది ఏదైనా ఉందంటే అది హౌస్‌హోల్డ్ మ్యాపింగ్. 2019 అక్టోబర్ 2న సచివాలయాలు మొదలైనప్పటి నుంచి ప్రతి కుటుంబం ఒక సచివాలయం కింద రాసి ఉంటుంది. బడికిపోయే పిల్లల తల్లులకు డబ్బిచ్చే తల్లికి వందనం, పింఛను, కొత్త రేషన్ కార్డు, అన్నీ ఆ లెక్కనుంచే. ఊర్లో ఉండగా రాశారు కాబట్టి మీరు ఇంకా అక్కడే ఉన్నట్టు లెక్క. పెళ్లయ్యి వేరే కాపురం పెట్టినా మీ అమ్మానాన్నల కుటుంబంలోనే ఉండి ఉంటారు.

కుటుంబం మొత్తం ఇక్కడికి వచ్చేసి, ఏడాది రెండేళ్లలో తిరిగిపోయే ఆలోచన లేకపోతే మార్పించుకోండి. మీరుండే వార్డు సచివాలయానికి అందరి ఆధార్లూ తీసుకుపోయి మైగ్రేషన్ కావాలని అడగాలి, ఈకేవైసీ తీసుకుంటారు. సీజన్‌కు వచ్చి ఆరు నెలలు ఉండి పోయేవాళ్లు మాత్రం దీన్ని కదపొద్దు. ఊర్లో ముసలివాళ్లు ఉంటే వాళ్లను ఎవరి కుటుంబంలో ఉంచుతున్నారో ముందే తేల్చుకోండి. అన్నదమ్ముల్లో ఒకరు మారేటప్పుడు అవ్వ పేరు ఎటు పోతుందో చూసుకోకపోతే పింఛను దగ్గర గొడవ.

ఇక్కడ ఒక ఉచ్చుంది, జాగ్రత్త. రేషన్ కార్డు అర్హతకు కరెంటు వాడకం నెలకు సగటున 300 యూనిట్లు దాటకూడదు. బాడుగిళ్లలో ఒకే మీటరు మీద మూడు కాపురాలుంటాయి. ఓనరు మీటరు నంబరు పొరపాటున మీ ఆధార్‌కు తగిలించారంటే ఆ యూనిట్లన్నీ మీవే అయిపోతాయి, కార్డు అనర్హతలోకి పోతుంది. మ్యాపింగ్ చేసేటప్పుడు మీటరు నంబరు అడిగితే "మేం బాడుగకున్నాం, మీటరు ఓనరుది" అని స్పష్టంగా చెప్పండి. ఇప్పటికే తగిలి ఉంటే కరెంటు ఆఫీసులో దరఖాస్తు ఇచ్చి తీయించుకోవాలి. ఆదాయం లెక్క పల్లెలో నెలకు రూ.10,000, పట్నంలో రూ.12,000. నాలుగు చక్రాల బండి ఉంటే కార్డు రాదు గానీ, టాక్సీ, ఆటో, ట్రాక్టరుకు మినహాయింపు ఉంది. కొండకు బండి తోలే అన్నలు పసుపు ప్లేటు ఆర్‌సీ కాపీ దగ్గర ఉంచుకుంటే మంచిది.

ఆరోగ్యశ్రీ అని మనం ఇంకా పిలుచుకునే ఎన్టీఆర్ వైద్య సేవకు అడ్రస్‌తో పని లేదు. రుయాలో, స్విమ్స్‌లో, ఏ నెట్‌వర్క్ ఆసుపత్రిలోనైనా చూపించుకోవచ్చు. భూమి కాగితాలకూ పట్నం అడ్రస్‌తో సంబంధం లేదు. వాటిని ఊర్లోనే ఉండనివ్వండి.

పింఛను మాత్రం కొడుకు దగ్గరికొచ్చిన అవ్వలకు పెద్ద టెన్షన్. ఒకటో తారీఖు ఊర్లో లేకపోతే పోతుందేమోనని, ముందురోజే బస్సెక్కుతారు. రెండు విషయాలు తెలుసుకోండి. రెండు నెలలు తీసుకోలేకపోయినా మూడో నెల మొత్తం కలిపి తీసుకోవచ్చు. అంటే నెలకు రూ.4,000 చొప్పున రూ.12,000. ఆస్పత్రి పనిమీద వచ్చి ఉండేవాళ్లకు ఇది చాలు. ఇక్కడే ఉండిపోయే వాళ్లు పింఛను ఐడీ, ఆధార్ ఇచ్చి ఇక్కడి సచివాలయానికి ట్రాన్స్‌ఫర్ పెట్టుకోవచ్చు.

పిల్లకాయల బడి

టీసీ రాలేదు కాబట్టి పిల్లవాణ్ని చేర్చుకోం అని బడివాళ్లంటే వినొద్దు. విద్యా హక్కు చట్టం 2009లో ఐదో సెక్షన్ చదివితే, టీసీ ఆలస్యమైందన్న కారణంతో అడ్మిషన్ ఆపకూడదని స్పష్టంగా ఉంది. 14వ సెక్షన్ ప్రకారం పుట్టిన తేదీ కాగితం లేకపోయినా చేర్చుకోవాలి. ఇది ఎనిమిదో తరగతి దాకా, అంటే ఆరు నుంచి 14 ఏళ్ల పిల్లలకు. చేరాక పాత బడిలో ఆన్‌లైన్‌లో పిల్లవాడి పేరు వదిలేలా ఆ హెడ్మాస్టరుకు ఫోన్ చేసి అడగండి. రెండు చోట్ల పేరుంటే తల్లికి వందనం డబ్బు దగ్గర ఇరుక్కుంటుంది. దానికి 75 శాతం హాజరు కూడా చూస్తారు. చెరుకు కోతలకని, జాతరకని నెల రోజులు బడి మానిపించే వాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఓటు ఎక్కడ ఉండాలి

దీని గురించి సలహా అడగడం కంటే వాదన పెట్టుకోవడానికే వస్తారు. "ఊర్లో సర్పంచ్ ఎలక్షన్‌కు ఒక్కో ఓటు ఎంత ముఖ్యమో నీకు తెలీదక్కా" అంటారు. తెలుసు. ఎన్నికల రోజు కార్లు పెట్టి తీసుకుపోతారని కూడా తెలుసు. నా అభిప్రాయం నేను చెబుతాను: నీళ్లు రాకపోతే ఏ కార్పొరేటర్ గడప ఎక్కుతారో అక్కడ ఓటుండాలి. తిరుపతి కార్పొరేషన్‌లో 50 డివిజన్లున్నాయి. బాడుగకుండే వాళ్లు ఎక్కువున్న వీధుల్లో ఓట్లన్నీ వేరే ఊర్లలో ఉంటే ఆ వీధి కాలవ గురించి ఎవరు పట్టించుకుంటారు?

చట్టం ఏమంటుందంటే, ఒక మనిషికి ఒక్క చోటే ఓటు. 1950 నాటి ప్రజా ప్రాతినిధ్య చట్టంలో 17, 18 సెక్షన్లు ఇదే చెబుతాయి. ఎక్కడ మామూలుగా నివసిస్తారో అక్కడ. ఊర్లో సొంతిల్లు ఉన్నంత మాత్రాన ఓటు అక్కడే అని కాదు. అట్లాగే కొన్నాళ్లు పనికి బయటికి పోయినంత మాత్రాన ఊర్లో ఓటు పోదు. అబద్ధం రాసిస్తే ఏడాది దాకా జైలు శిక్షకు వీలుంది. కాబట్టి రెండు చోట్లా ఉంచుకుందాం అనే తెలివి వద్దు.

ఇప్పటికే ఓటు ఉన్నవాళ్లు ఫారం 6 నింపకూడదు. అది కొత్త ఓటుకు. మారడానికి ఫారం 8. అందులో 'షిఫ్టింగ్ ఆఫ్ రెసిడెన్స్' గుర్తు పెట్టి, పాత కార్డు నంబరు, కొత్త అడ్రస్, పాస్‌బుక్ కాపీ పెడితే సరిపోతుంది. పాత ఊర్లో పేరు వాళ్లే తీసేస్తారు, కార్డు నంబరు మారదు. ఆన్‌లైన్‌లో పెట్టినా బూత్ లెవల్ ఆఫీసర్ (బీఎల్‌ఓ) వెరిఫికేషన్‌కు వస్తారు. పగలంతా పనిలో ఉండి ఇంటికి తాళం వేసి ఉంటే 'ఇంట్లో లేరు' అని రాసుకుని పోతారు. పక్కింటివాళ్లకు చెప్పి ఉంచండి. ఆ బీఎల్‌ఓ ఎవరో ఓటరు హెల్ప్‌లైన్ నంబరు 1950కు ఫోన్ చేసి తెలుసుకుని, సాయంత్రం ఎప్పుడుంటారో మీరే చెబితే ఇంకా మంచిది.

ఇల్లే లేనివాళ్లకు, ఫుట్‌పాత్ మీద, వర్క్ సైట్ షెడ్లలో పడుకునే వాళ్లకు కూడా ఓటు హక్కుంది. ఇల్లు లేనివాళ్లను కాగితం అడగరు. ఎక్కడ పడుకుంటామని రాశారో అక్కడికి బీఎల్‌ఓ రాత్రిపూట వచ్చి చూడాలని ఎన్నికల సంఘం సూచనల్లోనే ఉంది. దరఖాస్తు తిరస్కరిస్తే 15 రోజుల్లోపు జిల్లా ఎన్నికల అధికారి అయిన కలెక్టరుకు అప్పీలు చేసుకోవచ్చు. ఎలక్షన్ ప్రకటన వచ్చేదాకా ఆగొద్దు. నామినేషన్ల ఆఖరి తేదీ దాటితే జాబితాను ఇక ముట్టుకోరు.

ఉన్న చోటి నుంచే ఊరి ఓటు వేసే మిషన్ ఒకటి తెస్తామని ఎన్నికల సంఘం 2023 జనవరిలో పార్టీలను పిలిచింది. ఒకే మిషన్ మీద 72 నియోజకవర్గాల ఓట్లు వేసేలా తయారు చేశారు. పార్టీలు అనుమానాలు లేవనెత్తాయి, అది ఇప్పటిదాకా అమల్లోకి రాలేదు. దాని కోసం ఎదురుచూసి ఫారం 8 వాయిదా వెయ్యొద్దు.

పనికి సంబంధించిన కార్డులు

అసంఘటిత కార్మికులకు కేంద్రం ఇచ్చే ఈ-శ్రమ్ కార్డు ఉచితం. 16 నుంచి 59 ఏళ్ల వాళ్లు, పీఎఫ్, ఈఎస్‌ఐ లేనివాళ్లు చేసుకోవచ్చు. 12 అంకెల నంబరు వస్తుంది, దేశమంతా అదే. మారినప్పుడల్లా అడ్రస్, పని రకం అప్‌డేట్ చేసుకోవాలి. బేల్దారి, సెంట్రింగ్, పెయింటింగ్, కరెంటు పని చేసేవాళ్లు భవన నిర్మాణ కార్మికుల బోర్డు కార్డు తీసుకోవాలి. గడిచిన ఏడాదిలో 90 రోజులు పని చేసినట్టు రుజువు కావాలి, 18 నుంచి 60 ఏళ్ల లోపు ఉండాలి. మేస్త్రీ దగ్గర రోజూ సంతకం పెట్టించుకునే చిన్న నోటుబుక్ ఒకటి జేబులో ఉంచుకోండి, 90 రోజుల లెక్క అడిగినప్పుడు అది చేతికొస్తుంది. కార్డు గడువు చూసి రెన్యువల్ చేసుకోకపోతే, ప్రమాదం జరిగినప్పుడు ఎంత ఏడ్చినా లాభం ఉండదు.

పని జరగకపోతే

ఏ దరఖాస్తు పెట్టినా నంబరున్న రసీదు తీసుకోండి. నోటిమాటగా "పెట్టేశాం పోండి" అంటే కదలొద్దు. ఆ నంబరుతో స్టేటస్ చూసుకోవచ్చు, సర్టిఫికెట్ల పనులకు మన మిత్ర వాట్సాప్ నంబరు 95523 00009 కూడా ఉంది. గడువు దాటితే ప్రభుత్వ ఫిర్యాదుల నంబరు 1100కు ఫోన్ చెయ్యండి. దానికీ కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. మన కలెక్టరేట్ తిరుచానూరు పక్కన పద్మావతి నిలయంలో ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లా విడిపోయింది కాబట్టి పాత అలవాటుకొద్దీ చిత్తూరు బస్సెక్కకండి. పలమనేరు, కుప్పం వాళ్ల ఊరి పనులైతే మాత్రం చిత్తూరే పోవాలి. అర్జీలో కథంతా రాయొద్దు. ఏం దరఖాస్తు, ఏ తేదీ, రసీదు నంబరు, ఏమని ఆపారు, ఇవి నాలుగు లైన్లలో రాసి, ఫోన్ నంబరు పెట్టండి. రెండు కాపీలు తీసుకుపోయి ఒకదాని మీద ముద్ర వేయించుకుని రండి.

ఇవన్నీ సచివాలయంలోనూ, మీ ఫోన్‌లోనూ మీరే చేసుకోవచ్చు. బయట చేయిస్తే ఫారం నింపినందుకు ఎంత, ప్రభుత్వ ఫీజు ఎంత అని విడివిడిగా అడగండి. చెప్పనివాళ్ల దగ్గర ఆధార్ జెరాక్స్ కూడా వదిలి రావద్దు.